ఎర్రగుంట్లలో జొరెస్ గురించి అరగంట మాట్లాడాలంటే

జులై 31 జాఁ జొరెస్ వర్ధంతి. ఆ రోజు ఎర్రగుంట్ల సిమెంటు కార్మికుల ముందో, ప్రొద్దుటూరు లైబ్రరీలోనో ఈ ఫ్రెంచి సోషలిస్టు గురించి చెప్పాలంటే అరగంట చాలు. ప్రశ్నలకు ఇంకో పది నిమిషాలు ఉంచుకోండి. హత్యతో మాత్రం మొదలుపెట్టొద్దు. వినేవాళ్లు తూటా దగ్గరే ఆగిపోతారు, ముప్పై ఏండ్ల రాజకీయం చెవికెక్కదు.

ముందు బోర్డు మీద ఆయన పుట్టి పనిచేసిన దక్షిణ ఫ్రాన్సు పటం గీయండి. కింద ఎడమపక్క తులూజ్, దానికి ఈశాన్యంగా ఆల్బీ, ఆల్బీకి దక్షిణాన కాస్త్ర్, ఉత్తరాన సుమారు 15 కిలోమీటర్లలో బొగ్గుగనుల ఊరు కార్మో. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్లకు ఎంతో ఇంచుమించు అంతే. 1859 సెప్టెంబరు 3న కాస్త్ర్‌లో పుట్టడం, పారిస్‌లో చదువు, ఆల్బీలోనూ తులూజ్‌లోనూ ఫిలాసఫీ పాఠాలు చెప్పడం, ఇదంతా నాలుగు నిమిషాల్లో ముగించాలి.

ఎక్కువమంది తప్పులో కాలేసేది దీని తర్వాతే. 1885లో ఆయన మొదటిసారి పార్లమెంటుకు గెలిచింది సోషలిస్టుగా కాదు, నడిమిదారి రిపబ్లికన్‌గా. 1889లో ఓడిపోయాడు. ఈ ముక్క వదిలేస్తే కార్మోకు అంత ప్రాధాన్యం ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

కార్మోకు పది పన్నెండు నిమిషాలు ఇవ్వండి. 1892లో అక్కడి బొగ్గుగని కార్మికుడు, యూనియన్ నాయకుడు కాల్విన్యాక్ మేయరయ్యాడు. మేయరు పని చూసుకుంటే గనిలో నాగా పడుతుంది. ఆ సాకుతో కంపెనీ ఆయన్ను పనిలోంచి తీసేసింది. కార్మికులు సమ్మెకు దిగారు, ప్రభుత్వం సైన్యాన్ని దించింది. జొరెస్ తులూజ్ పత్రికలో వాళ్ల తరఫున రాశాడు. చివరికి కాల్విన్యాక్‌ను మళ్లీ తీసుకున్నారు. కంపెనీ యజమానుల్లో ఒకడు, అక్కడి ఎంపీ కూడా అయిన మార్క్వీ ద సొలాజ్ రాజీనామా చేశాడు. ఆ సీటుకు 1893 జనవరిలో జరిగిన ఉప ఎన్నికలో జొరెస్ సోషలిస్టుగా గెలిచాడు. 1898లో అదే సొలాజ్ చేతిలో ఓడి, 1902లో అతన్నే ఓడించాడు. నాగా, తీసివేత అంటే ఏమిటో ఎదుట కూర్చున్నవాళ్లకు మీరు విడమర్చనక్కర్లేదు.

డ్రైఫస్ కేసు ప్రమాదకరం, ఎంత టైమైనా మింగేస్తుంది. గూఢచర్యం చేశాడని ఒక యూదు సైనికాధికారికి అన్యాయంగా శిక్ష వేశారనీ, సాక్ష్యాలు బూటకమని జొరెస్ 1898లో వ్యాసాల్లో ఎండగట్టాడనీ చెప్పి దాటేయండి. 1904 ఏప్రిల్ 18న ఆయన పెట్టిన ‘ల్యుమానితె’ పత్రిక, 1905లో సోషలిస్టు పార్టీల ఐక్యత, ఒక్కోదానికి నిమిషం.

హత్య ఆఖరున. 1914 జులై 31 రాత్రి, పారిస్‌లో మోంమార్త్ర్ వీధిలోని క్రోసాఁ కేఫ్‌లో భోంచేస్తుండగా రౌల్ విలేన్ కాల్చాడు. ఆగస్టు 3న జర్మనీ ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. ఆయన బతికుంటే యుద్ధం ఆగేదని మాత్రం అనొద్దు. అది ఊహ.

ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. మంత్రి అయ్యాడా? ఎన్నడూ కాలేదు, 1903లో పార్లమెంటు దిగువ సభకు ఉపాధ్యక్షుడయ్యాడు, అంతే. కమ్యూనిస్టా? ఫ్రాన్సులో సోషలిస్టులు, కమ్యూనిస్టులు అని చీలిక వచ్చిందే 1920 డిసెంబరులో. హంతకుణ్ని ఏం చేశారు? యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉంచి, 1919 మార్చి 29న నిర్దోషి అని వదిలేశారు. కోర్టు ఖర్చులు జొరెస్ భార్య మీద వేశారు. ఇది విన్నాక సభలో గోల తప్పదు, కాస్త సద్దుమణిగాకే 1924లో ఆయన అస్థికలను పారిస్‌లో దేశ ప్రముఖుల సమాధులుండే పాంథియోన్‌కు తరలించిన సంగతి ఎత్తుకోండి.