పాత ఫోర్డ్ కారు కొనేముందు కంపెనీ చరిత్రనూ యజమానుల మాటనూ కలిపి చదివే పద్ధతి

అమెరికాకు చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చిన తెలుగువారికి మొదటి ఏడాది ఫీజులూ అద్దే పోగా మిగిలే పెద్ద ఖర్చు కారే. ముందు వచ్చిన సీనియర్లు టయోటా గానీ హోండా గానీ తీసుకోమంటారు. తీరా వెతకడం మొదలుపెడితే వాటి ధర చేతికి అందదు. అదే వయసు, అవే మైళ్లు ఉన్న ఫోర్డ్ ఫ్యూజనో ఫోకసో తక్కువ ధరకు కనిపిస్తుంది. అప్పుడు పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "అన్నా, ఫోర్డ్ తీసుకోవచ్చా?" దీనికి అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ఒకే ఏడాది ఒకే షోరూములో అమ్ముడైన రెండు ఫోర్డ్ కార్లలో ఒకటి పదిహేనేళ్లు నమ్మకంగా నడవవచ్చు, రెండోది అరవై వేల మైళ్లకే గేర్‌బాక్స్ ఖర్చు తెచ్చిపెట్టవచ్చు. అడగవలసినది ఏ ఏడాది, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అని. ఆ మూడూ తెలిసిన తర్వాత ఆ ఏళ్లలో కంపెనీ ఏ స్థితిలో ఉందో, ఆ బండి కొన్నవాళ్లు ఏమన్నారో పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దానంతటదే తేలుతుంది.

మొదట విన్ నంబరు, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, తీసుకోండి. ముందు అద్దానికి డ్రైవర్ వైపు కింది మూలలో, బయట నిలబడి చూస్తే కనిపించే చిన్న పలక మీద 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో పదోది మోడల్ సంవత్సరం: 2012కు సి, 2013కు డి, 2016కు జి, 2017కు హెచ్; ఐ అక్షరాన్ని వాడరు కనుక 2018కి జె వస్తుంది. ఎనిమిదోది ఇంజిన్ రకాన్ని చెబుతుంది. మొదటి అంకె 1 అయితే బండి అమెరికాలో, 3 అయితే మెక్సికోలో తయారైంది. డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున అతికించిన కాగితం మీద తయారైన నెల కూడా ఉంటుంది. 2012 సెప్టెంబరులో తయారైన బండి 2013 మోడల్ కావచ్చు కనుక రెండూ రాసిపెట్టుకోవాలి. నంబరు పంపడానికి అమ్మేవారు వెనకాడితే ఆ బండిని అక్కడితో వదిలేయండి.

ఇక చరిత్ర. హెన్రీ ఫోర్డ్ 1903 జూన్ 16న డెట్రాయిట్‌లో కంపెనీ పెట్టడం, 1908లో మోడల్ టీ రావడం, 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను వచ్చాక పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసిస్ కూర్పు 93 నిమిషాలకు తగ్గడం, 850 డాలర్ల కారు కొన్నేళ్లకు 300 డాలర్ల లోపుకు దిగి 1927 నాటికి కోటిన్నర బండ్లు అమ్ముడుకావడం గొప్ప సంగతులే గానీ, ఈరోజు 2014 ఫోర్డ్ ఎస్కేప్ కొనేవారికి వాటితో పని తక్కువ. ఉపయోగపడే చరిత్ర 1970ల నుంచి మొదలవుతుంది. తప్పు బయటపడినప్పుడు కంపెనీ ఎంత త్వరగా ఒప్పుకుంది, ఎవరు ఒత్తిడి చేస్తే ఒప్పుకుంది అన్నదే ఆ చరిత్రలో మనం చూడవలసినది.

పింటో అనే చిన్న కారులో పెట్రోలు ట్యాంకు వెనుక ఇరుసుకు, బంపరుకు మధ్య ఉండేది. వెనుక నుంచి మరో బండి గుద్దితే ట్యాంకు చిట్లి మంటలు లేచేవి. 1970లో అమ్మకానికి వచ్చిన ఆ కారును, దాని జంట మోడల్‌తో కలిపి దాదాపు 15 లక్షల బండ్లను, ప్రభుత్వ భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ విచారణ తర్వాతే, 1978 జూన్‌లో కంపెనీ వెనక్కి పిలిచింది. చేసిన మరమ్మతు ట్యాంకుకు ప్లాస్టిక్ కవచం, పొడవైన ఫిల్లర్ గొట్టం. అంత చిన్న పనికి అన్నేళ్లు పట్టడం గుర్తుంచుకోవలసిన విషయం.

2000లో ఎక్స్‌ప్లోరర్ వంతు వచ్చింది. ఆ బండికి బిగించిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర వేగంలో ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి; అమెరికాలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది, మరుసటి ఏడాది ఫోర్డ్ తానుగా ఇంకో 1.3 కోట్ల టైర్లు మార్చడానికి పూనుకుంది. టైర్లదే తప్పని ఫోర్డ్, బండిదే తప్పని, 26 పీఎస్‌ఐ అనే తక్కువ ఒత్తిడి గాలి సిఫారసు చేయడం తప్పని ఫైర్‌స్టోన్ వాదించుకుని, దాదాపు వందేళ్ల వ్యాపార బంధాన్ని తెంచుకున్నాయి. ఆ ఘోరం నుంచి పుట్టిన చట్టం వల్లే ఈరోజు టైరులో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది. పాత బండి చూడటానికి వెళ్లినప్పుడు వంగి టైరు పక్కగోడను చదవండి. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి: 3519 అంటే 2019లో 35వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఎండకు ఎండి సన్నని పగుళ్లు పట్టిన పదేళ్ల టైరును హైవే మీద నమ్మకూడదు. నాలుగు కొత్త టైర్ల ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

2006లో కంపెనీ దాదాపు మునిగే స్థితికి వచ్చింది. బోయింగ్ నుంచి వచ్చిన అలన్ ములాలీ ఆధ్వర్యంలో కర్మాగారాలతో పాటు నీలి ఓవల్ గుర్తును కూడా తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకు పైగా అప్పు కుదుర్చుకున్నారు. ఆ డబ్బు వల్లే 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా కోర్టుకు వెళ్లినా ఫోర్డ్ వెళ్లలేదు. జాగ్వార్, ల్యాండ్ రోవర్ 2008లో మన టాటాల చేతికి రావడం కూడా ఆ పొదుపులో భాగమే. ఇది మెచ్చుకోదగిన నిలదొక్కుకోవడమే. అయితే ఆ వెంటనే వచ్చిన మోడళ్లలోనే కొత్త గేర్‌బాక్స్, కొత్త చిన్న టర్బో ఇంజిన్లు, కొత్త టచ్ స్క్రీన్ అన్నీ ఒక్కసారిగా దిగాయి. నేడు విద్యార్థుల ధరకు దొరికే ఫోర్డ్‌లలో చాలావరకు ఆ కాలానివే.

వాటిలో అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినది 2012–16 ఫోకస్, 2011–16 ఫియెస్టా కార్లలోని పవర్‌షిఫ్ట్ ఆటోమేటిక్. ఇది మామూలు ఆటోమేటిక్ కాదు. లోపల నూనెలో తడవని రెండు పొడి క్లచ్‌లను కంప్యూటర్ నొక్కి వదులుతుంది. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు బండి వణుకుతోందని, సిగ్నల్ దగ్గర కదలడానికి తటపటాయిస్తోందని వేలమంది యజమానులు ఫిర్యాదు చేశారు. సామూహిక దావా రాజీతో ముగిసింది. కంపెనీ క్లచ్ వారంటీని 7 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు, దాన్ని నడిపే కంప్యూటర్ (కంట్రోల్ మాడ్యూల్) వారంటీని 10 ఏళ్లు లేదా లక్షన్నర మైళ్లకు పొడిగించింది. ఆ గడువు చాలా బండ్లకు తీరిపోయింది కనుక, ఇప్పుడు కొనేవారు ఏ వారంటీ లేదనే లెక్క వేసుకోవాలి. క్లచ్ కొత్తగా మార్చాం అని అమ్మేవారు చెబితే రసీదు అడగండి. రసీదు ఉన్నా, మార్చిన క్లచ్ మళ్లీ వణికిందని రాసిన యజమానులు తక్కువేమీ కాదు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: ఎంత తక్కువకు వచ్చినా ఆటోమేటిక్ ఫోకస్, ఫియెస్టా ఆ ఏళ్లవి వద్దు. అవే కార్లలో మాన్యువల్ గేర్ ఉన్నవాటికి ఈ బాధ లేదు. ఊళ్లో గేరు బండి నడిపిన అలవాటు ఉన్నవారికి అవి మంచి బేరం.

ఇండియాలో అమ్మానాన్నల దగ్గర ఎకోస్పోర్ట్ ఉన్నవారికీ ఇదే లెక్క పనికివస్తుంది. 2013లో వచ్చిన పెట్రోల్ ఆటోమేటిక్‌లో రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఉండేది, 2017లో మార్చిన రూపంలో టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్ వచ్చింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది కనుక అక్కడ పాతది కొనేవారు రెండో రకాన్నే చూడటం మేలు.

ఫ్యూజన్ విషయం వేరు. అందులో హైబ్రిడ్ కాని రకాల్లో మామూలు ఆటోమేటిక్ ఉంది. టర్బో లేని 2.5 లీటర్ల ఇంజిన్ గానీ, 2.0 లీటర్ల హైబ్రిడ్ గానీ అయితే నేను ధైర్యంగా చూడమంటాను. ఎకోబూస్ట్ అని ఫోర్డ్ పేరు పెట్టిన 1.5, 2.0 లీటర్ల టర్బో ఇంజిన్లలో, ముఖ్యంగా 2017–19 ఎస్కేప్‌లో, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సిలిండరులోకి చొరబడటం యజమానులు పదేపదే చెప్పిన లోపం. బయట చుక్క కూడా కారదు, బాటిల్‌లో మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. పొద్దున చల్లగా స్టార్ట్ చేస్తే ఇంజిన్ తడబడి తెల్లటి పొగ వస్తుంది. దీనికి మందు ఇంజిన్ బ్లాకు మార్చడమే. 2011–19 ఎక్స్‌ప్లోరర్ 3.5 లీటర్ల వీ6 ఇంజిన్‌లో వాటర్ పంపు ఇంజిన్ లోపల, టైమింగ్ చెయిన్ మీద తిరుగుతుంది; అది కారితే నీళ్లు నూనెలో కలుస్తాయి, పంపు చవకే అయినా అక్కడికి చేరుకునే కూలి వేల డాలర్లు. ఎఫ్-150 ట్రక్కు కొనే తెలుగువారు తక్కువ కనుక ఒక్క మాటతో సరిపెడతాను: 2004–08 నాటి 5.4 లీటర్ల ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్‌లు విప్పేటప్పుడు లోపలే విరిగేవి, అవి ఎప్పుడు మార్చారో అడగండి.

కూలెంట్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నేను కొన్న కారుకు, అది ఏ కంపెనీదైనా కానివ్వండి, చూడటానికి వెళ్లిన రోజున బాటిల్ నిండుగా, నారింజ రంగులో మెరుస్తూ ఉంది. అప్పుడే నింపారని నాకు తట్టలేదు. నాలుగు వారాలకు బాటిల్ అడుగున గోరంత తడి మిగిలింది. మెకానిక్ నూనె మూత విప్పి లోపలి వైపు నాకు చూపించాడు: పాలు పోసిన కాఫీ రంగులో మెత్తటి నురుగు, కూలెంట్ నూనెలో కలిసిందనడానికి గుర్తు. ఆ మూతను నేను కొనేరోజే విప్పి చూసి ఉండవచ్చు, విప్పలేదు. మీరు చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండేలా ముందే చెప్పండి. మీరు చేరేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, చల్లటి స్టార్ట్‌లో కనిపించే తడబాటును దాచారేమోనని అనుమానించాలి. మూత విప్పి చూడండి, డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి, కూలెంట్ మట్టాన్ని ఫోటో తీసుకోండి. తర్వాత కనీసం అరగంట నడపండి. అందులో పది నిమిషాలు సిగ్నళ్ల మధ్య నడిచే వేగంతో, పది నిమిషాలు హైవే మీద ఉండాలి. తిరిగి వచ్చాక వంద రెండు వందల డాలర్లు పోయినా మీకు తెలిసిన మెకానిక్‌కు చూపించండి, అమ్మేవారు చెప్పిన మెకానిక్‌కు కాదు.

యజమానుల ఫిర్యాదులు చదవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దగ్గర ప్రతి మోడల్‌కు, ప్రతి ఏడాదికి ఫిర్యాదులు చదవడానికి దొరుకుతాయి. బాధపడినవారు రాస్తారు, సుఖంగా నడుపుకునేవారు రాయరు. ఎక్కువ అమ్ముడైన బండికి ఫిర్యాదులూ ఎక్కువే. అందుకని సంఖ్యను చూసి బెదరకుండా, ఒక ముప్పై ఫిర్యాదులు వరుసగా చదివి, లక్షణం, మైళ్లు, డీలర్ ఏమన్నాడు అన్న మూడు సంగతులూ కాగితం మీద రాసుకోండి. సంబంధం లేని మనుషులు ఒకే లక్షణాన్ని, దగ్గర దగ్గర మైళ్ల దగ్గర చెబుతుంటే అది నిజమైన లోపం. తర్వాత ఆ లోపం ప్రాణానికి ప్రమాదమా, జేబుకు భారమా, చిరాకు మాత్రమేనా అని విడదీయండి. 2011 నుంచి వచ్చిన మైఫోర్డ్ టచ్ స్క్రీన్ మీద యజమానులు విపరీతంగా కోప్పడ్డారు, నాణ్యత సర్వేల్లో కంపెనీ స్థానం దానివల్ల దిగజారింది. కానీ స్క్రీన్ నెమ్మదిగా ఉన్నంత మాత్రాన మంచి ఇంజిన్ ఉన్న బండిని వదులుకోనక్కరలేదు.

కంపెనీ ఇచ్చిన స్పందనల్లోనూ తేడాలు తెలియాలి. రీకాల్ అంటే భద్రతకు సంబంధించిన లోపం. మొదట అమ్మిన నాటి నుంచి 15 ఏళ్ల లోపు బండి ఎన్ని చేతులు మారినా డీలర్ ఉచితంగా బాగుచేయాలి. సర్వీసు బులెటిన్ అంటే ఈ జబ్బుకు ఈ మందు అని మెకానిక్‌లకు పంపే సూచన మాత్రమే. వారంటీ లేకపోతే ఖర్చు మీదే. ఉదాహరణకు 2022లో ఎస్కేప్, ఫ్యూజన్ తదితర మోడళ్లలో 29 లక్షల బండ్లను గేరు కేబుల్ చివర ఉండే బుష్ అనే చిన్న భాగం కోసం వెనక్కి పిలిచారు. అది ఊడితే లివర్ పార్కులో ఉన్నట్టు కనిపించినా బండి దొర్లిపోవచ్చు. ఆ పని జరిగిందో లేదో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వద్ద విన్ నంబరుతో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. జరగకపోతే అది జరిగేదాకా ప్రతిసారీ పార్కింగ్ బ్రేక్ వేయాలి. రీకాల్ పూర్తికాని పాత బండిని అమ్మకూడదని డీలర్లను నిషేధించే కేంద్ర చట్టం అమెరికాలో లేదు కనుక ఈ పరీక్ష కొనేవారి బాధ్యతే. కంపెనీ తీరు పూర్తిగా మారిందని కూడా అనుకోవద్దు: వెనుక కెమెరా లోపంపై రీకాల్ ఆలస్యం చేసినందుకు 2024 నవంబరులో ఫోర్డ్ 16.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

కాగితాల దగ్గర తొందరపడవద్దు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ అని గానీ రీబిల్ట్ అని గానీ ఉంటే, పెద్ద ప్రమాదమో వరదో చూసి బీమా కంపెనీ వదులుకున్న బండి అని అర్థం. డీలర్ దగ్గర కొంటే కిటికీకి అతికించిన బయ్యర్స్ గైడ్ చదవండి; అందులో యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) అన్న గడిలో గుర్తు పెట్టి ఉంటే, డీలర్ నోటితో ఇచ్చిన ఏ హామీ కూడా తర్వాత నిలబడదు. హామీ ఇస్తానంటే అదే కాగితం మీద రాసి సంతకం చేయమనండి.

కొన్న తర్వాత యజమాని మారిన సంగతిని, మీ చిరునామాను విన్ నంబరుతో సహా ఫోర్డ్‌కు తెలియజేయండి. రీకాల్ ఉత్తరాలు రాష్ట్ర రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకు వెళతాయి. విద్యార్థులు ఏడాదికో అపార్టుమెంటు మారతారు కనుక అవి చాలాసార్లు అందవు. అందుకే ఏడాదికి రెండుసార్లు, ఇంజిన్ ఆయిల్ మార్పించే రోజున, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వద్ద ఆ 17 అక్షరాలను మళ్లీ ఒకసారి కొట్టి చూడండి.