కట్టెల కోతలో రంపం మొరాయిస్తే: సమస్యలు, పరిష్కారాలు

చితుకులకు చేతులు చాలు. అంతకన్నా లావైన కొమ్మకు మాత్రం రంపం కావాలి. మా పొలం గట్టున విరిగిపడే వేప, మామిడి కొమ్మలూ, ఎంత కొట్టినా మళ్ళీ మొలిచే సర్కారు తుమ్మా వేన్నీళ్ల పొయ్యికి ఏడాదంతా సరిపోతాయి. అడవి పక్క ఊళ్లవారికి ఒక మాట: రిజర్వు అడవిలో పచ్చి చెట్టు మీద రంపం పెట్టడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం.

సమస్య: పచ్చికొమ్మలో నాలుగు లాగులకే రంపం బిగుసుకుంటోంది

కారణం: ఇంట్లో ఉన్నది వడ్రంగి రంపం. దాని పళ్ళు సన్నవి, సాధారణంగా అంగుళానికి 8 నుంచి 10. ఎండిన పలకకు అవి చక్కగా సరిపోతాయి. పచ్చికలప పొట్టు పిండిలా రాలదు, తడి పీచులా వస్తుంది. అది పళ్ళ సందుల్లో నిండిపోయాక పన్ను కలపను అందుకోలేదు, పొట్టు మీద జారుతుంది. అప్పుడు బలం పెంచితే చెమట పడుతుందే కానీ కోత సాగదు.

పరిష్కారం: విల్లులా వంగిన ఇనుప గొట్టానికి బ్లేడు బిగించిన రంపం కొనండి. పళ్ళు పెద్దవిగా, అంగుళానికి 4 నుంచి 6 ఉండాలి. కొట్లోనే బ్లేడును వెలుతురుకు పట్టి చూడండి. కొన్ని మొనదేలిన పళ్ళ తరవాత మధ్యలో చీలిన పన్ను ఒకటి కనిపిస్తే అది పచ్చికలప బ్లేడు. ఆ చీలిన పన్ను పక్క పళ్ళు తెంపిన నారను గీకి బయటికి లాగుతుంది. అన్నీ ఒకే రకం త్రికోణాలైతే ఎండుకలపకు. చట్రం ఒకటే ఉంచుకుని బ్లేడులు రెండు రకాలూ కొనుక్కోవడం నా పద్ధతి.

పాత రంపమే బిగుసుకుంటుంటే పళ్ళ వంపు పోయిందేమో చూడాలి. పళ్ళు ఎడమకొకటి, కుడికొకటి వంగి ఉంటేనే గాడి బ్లేడు కన్నా వెడల్పుగా పడుతుంది. రంపాన్ని తిరగేసి పళ్ళ వరుసల నడుమ ఒక సూది పెట్టి కాస్త వాల్చండి. సూది ఈ చివరినుంచి ఆ చివరికి జారిపోతే వంపు బాగున్నట్టే. మధ్యలో పడిపోతే అక్కడి పళ్ళు సరిచేయించాలి.

సమస్య: కోత సగమయ్యాక గాడి మూసుకుని బ్లేడును పట్టేసింది

కారణం: ఈసారి తప్పు రంపానిది కాదు. కొమ్మ రెండు చివర్లా ఆనుకుని నడుమ గాలిలో ఉంటే, కోస్తున్నకొద్దీ నడుము కుంగి పైభాగం నొక్కుకుంటుంది.

పరిష్కారం: పైనుంచి మూడో వంతు కోసి ఆపండి, మిగిలింది కింది నుంచి కోయండి. ఒక చివరే ఆని మరో చివర వేలాడుతుంటే వరుస మార్చాలి: ముందు కింద మూడో వంతు, తరవాత పైనుంచి. లేకపోతే కొమ్మ తెగకుండా చీలిపోయి బెరడుతో సహా ఊడుతుంది. ఇప్పటికే ఇరుక్కుంటే రంపాన్ని పెరకకండి, కొమ్మను పైకెత్తితే గాడి తెరుచుకుంటుంది.

సమస్య: కోత వంకరగా పోతోంది

బ్లేడు వదులైనా, మేకుకో కంచె తీగకో తగిలి ఒక పక్క పళ్ళు మొద్దుబారినా ఇదే జరుగుతుంది. కోత పదునున్న వైపుకే లాగుతుంది. వేలితో మీటితే బ్లేడు ఖంగుమనేలా బిగించండి. మొద్దు పళ్ళను మూడంచుల ఆకురాయితో, ప్రతి పన్నుకూ ఒకే లెక్కన రుద్దండి. మొనలు నీలంగా నల్లబడి కనిపించే గట్టి పళ్ళ మీద మాత్రం ఆకురాయి జారిపోతుంది. అలాంటి బ్లేడు అరిగితే మార్చడమే.

సమస్య: మడత రంపం బ్లేడు వంగిపోయింది

ఈ రంపాల్లో చాలావాటి పళ్ళు పిడి వైపు వాలి ఉంటాయి. అవి వెనక్కి లాగినప్పుడే కోస్తాయి. మనవాళ్ళు అలవాటుకొద్దీ ముందుకు బలంగా నెడతారు, బ్లేడు వంగిపోతుంది. లాగేటప్పుడే బరువు వేయండి, నెట్టేటప్పుడు ఊరికే జరపండి. 7 అంగుళాల మడత రంపం మణికట్టు లావు కొమ్మదాకా బాగుంటుంది. అంతకు మించితే 21 లేదా 24 అంగుళాల విల్లు రంపం తీయండి.

సమస్య: బ్లేడు జిగటగా ఉంది

వేప బంక, మామిడి జీడి అంటుకుంటాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయండి. తడి బ్లేడును గోనెసంచిలో చుట్టి పెడితే మర్నాటికి తుప్పే.