విని కట్టే లోకం, 4వ పాఠం: గంటా, గిన్నె అడుగున చిల్లూ

కిందటి పాఠంలో చెప్పిన పని చేశారా? ఒక గదిలో అర నిమిషం ఎవరూ నోరు విప్పకుండా ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసి దాచమన్నాను. ఈ రోజు దానితో పనుంది. మే నెల విశాఖలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడం ఎంత శిక్షో నాకూ తెలుసు. ఒళ్లంతా జిడ్డు కారుతుంటే సరిగ్గా అప్పుడే పక్కింటి కుక్కర్ కూత పెడుతుంది. అయినా చేయండి. నిశ్శబ్దం లేకుండా ఈ పాఠం నడవదు.

మన శ్రవ్య నాటిక 'నిలుపొద్దు'లో ఇవాళ గుడి దగ్గరికి వచ్చాం. భక్తినీ, ఆ భక్తి మీద కూర్చున్న పెత్తనాన్నీ చెవికి ఎలా అందించాలన్నదే పాఠం. సినిమా వాళ్లకు కిరీటం, సింహాసనం, మెట్ల నిండా జనం ఉంటారు. మన దగ్గరున్నవి ఒక ఫోను, ఒక దుప్పటి, నలుగురు స్నేహితులు.

కొత్తగా చేరినవాళ్ల కోసం లోకం గురించి రెండు మాటలు. చంద్రుడు మనకెప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు. తన చుట్టూ తాను తిరగడానికీ, భూమి చుట్టూ తిరగడానికీ ఆయనకు పట్టే కాలం ఒకటే, సుమారు 27.3 రోజులు. తన నక్షత్రానికి మరీ దగ్గరగా తిరిగే గ్రహానికీ ఇదే గతి పట్టొచ్చు. 2016లో కనిపెట్టిన ప్రాక్సిమా సెంటారీ బి తన నక్షత్రాన్ని 11.2 రోజుల్లోనే చుట్టేస్తుంది. అదీ ఇలాంటిదే అయ్యుండొచ్చని అంచనా. మన కథలోని గ్రహం అచ్చంగా ఇలాంటిది. ఒకవైపు ఎప్పుడూ ఎండే, ఇంకోవైపు ఎప్పుడూ చీకటే. మధ్యలో సన్నటి సందెవెలుగు పట్టీ, అందులో ఊళ్లు. అక్కడ పొద్దు పొడవదు, గుంకదు. మరి పనికి ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు పడుకోవాలి? గుడి గంట చెబుతుంది. ఆ గంట ఆగితే సూర్యుడు జారిపోతాడని జనం నమ్మకం.

గంట ఎప్పుడు కొట్టాలో గుడికి ఎలా తెలుస్తుంది? ఇక్కడ మన పాత సరుకే తెచ్చాను. అడుగున చిన్న చిల్లున్న రాగి గిన్నెను నీళ్లలో వదిలితే, నీరెక్కి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. అలాంటివి 60 అయితే ఒక రోజు. మన గడియారం అనే మాటలో ఆ గడియ ఇంకా ఉంది. రోజుకు 21,600 ఊపిర్లని యోగ గ్రంథాల లెక్క కదా, దాన్ని 60తో భాగిస్తే గడియకు 360 ఊపిర్లు. మన నాయిక నీలి ఆ గిన్నె దగ్గర కాపలా ఉండే పిల్ల. పొద్దుపోక ఊపిర్లు లెక్కపెడుతూ ఉంటుంది. ఒకసారి 360కి మునగాల్సిన గిన్నె 400 దాకా మునగలేదు. చూస్తే చిల్లు అంచున మైనం.

లెక్క వేయండి. ఆ ఊళ్లో పని 20 గిన్నెలు, అంటే మన 8 గంటలు. మైనం పెట్టాక అదే పని దాదాపు 53 నిమిషాలు ఎక్కువ. ఎవరినీ కొట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. జనం నమ్మకం గంట మీద, గుడి అధికారం చిల్లు మీద. ఈ రెంటినీ కలిపేస్తే నాటిక చప్పబడిపోతుంది. గంట మోగినప్పుడల్లా జనం మనసారా దణ్ణం పెట్టాలి. ఆ దణ్ణంలో వెక్కిరింత ఉండకూడదు. నమ్మేవాళ్లను వెర్రివాళ్లను చేసి రాసిన సైన్సు ఫిక్షన్ నాకు నచ్చదు, మొహం మీదే చెబుతున్నాను.

దేవుడికి గొంతు ఇవ్వకండి. ఎంత నోరూరినా ఇవ్వకండి. సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్క రోజే. ఆ ఒక్క రోజు కోసం క్యూలో గంటలకొద్దీ నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, కప్పి ఉంచిన దానికి ఎంత బలముంటుందో. శ్రవ్య నాటికలో ఆ చందనం పూతే నిశ్శబ్దం. గంట మోగాక వెంటనే మాట పెట్టకండి. మీరు దాచిన గది నిశ్శబ్దాన్ని అక్కడ నాలుగు సెకన్లు పరవండి. ఏమీ లేని ఖాళీ వేస్తే ఫోను ఆగిపోయిందనుకుంటారు, గది నిశ్శబ్దం వేస్తే జనం తల వంచారనుకుంటారు.

ఇక పెత్తనం. రెండో భాగం చేసినప్పుడు, గుడిని ఏలే పెద్దకాపరి గొంతుకు మహత్తు రావాలని ప్రతిధ్వని బాగా దట్టించాను. మా మామయ్య విని, "ఈయన బావిలో పడ్డాడేంటి?" అన్నారు. అప్పటినుంచి ఆ మీట జోలికి పోలేదు. ఇప్పుడు దూరంతో పని కానిస్తున్నాను. రహస్యానికి ఫోను జానెడు దూరం, మామూలు మాటకు మూర దూరం, ఆజ్ఞకు గది మూల. అధికారమున్నవాడు దూరంగా ఉండి మెల్లగా మాట్లాడతాడు, వినడం అవతలివాళ్ల అవసరం కాబట్టి. అతను దగ్గరికొచ్చాడంటే భయపడ్డాడని అర్థం. ఈ ముక్క చూడండి:

(నీళ్లు. గిన్నె మునిగిన చప్పుడు: గుడుక్.)
నీలి (జానెడు దూరం): మున్నూట తొంబైతొమ్మిది... నాలుగొందలు.
పెద్దకాపరి (గది మూల నుంచి): లెక్కించుట నీ పని కాదు బిడ్డా. మునిగినపుడు మ్రోగించుట నీ పని.
నీలి: నాను లెక్కెట్టకపోతే ఎవులు లెక్కెడతారు సామీ?
(నిశ్శబ్దం. మూడు నీటి చుక్కలు.)
నీలి: గిన్నె అడుగున మైనం ఉంది సామీ.
పెద్దకాపరి (హఠాత్తుగా జానెడు దూరం): ఏటన్నావు?

ఆ ఒక్క 'ఏటన్నావు' కోసమే సీనంతా కట్టాను. కూలీలకు యాస, పెద్దలకు పుస్తక భాష అని పంచేయడం మన సినిమాలు అరగదీసిన దారి. నాకు దానితో పేచీ ఉంది, ఉత్తరాంధ్రవాణ్ణి కనుక. పెద్దకాపరిదీ నీలి పుట్టిన పేటే. పుస్తక భాష తరవాత తొడుక్కున్నాడు. కంగారులో ఆ చొక్కా జారింది. వినేవాడికి అతని గతమంతా నాలుగక్షరాల్లో అందుతుంది, మనం ఒక్క వివరణా ఇవ్వక్కర్లేదు. రాసేటప్పుడు 'నువ్వు', 'మీరు', 'తమరు' ఎక్కడ మారుతున్నాయో ఎర్ర సిరాతో గీసుకోండి. ఇంత కాస్తలో మెట్లు మార్చగల సౌకర్యం తెలుగులో ఉంది, ఊరికే పోనివ్వకండి.

గిన్నె చప్పుడు ఎలా అంటారా? కొబ్బరి చిప్పకు మేకుతో చిల్లు పొడిచి బకెట్లో వదిలాం. నీరు ఎక్కుతున్నంతసేపూ ఏమీ వినపడదు. చివర్లో అంచు మునిగే క్షణాన ఒక్క 'గుడుక్'. స్టీలు గిన్నెతో చేస్తే అడుక్కి వెళ్లి టంగుమంది, వంటింట్లో ఉన్నట్టైంది. బకెట్ అడుగున తడి గుడ్డ పరిస్తే ఆ బాధ తప్పింది.

గుడి విశాలంగా వినపడాలంటే లెక్క ఒకటే. మామూలు గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే మాట తిరిగి రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె వేసి మెల్లగా, చాలా మెల్లగా కలపండి. అపార్టుమెంటు మెట్ల దగ్గర రాత్రి పదకొండు తర్వాత రికార్డు చేస్తే అదీ అక్కర్లేదు, వాచ్‌మన్‌కు మాత్రం ముందే చెప్పండి. వేరే గ్రహం కదా, గాలి మార్చమా అని ఒకరు అడిగారు. మార్చొచ్చు. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్ మైకులో తేలింది, అక్కడ శబ్దం సెకనుకు సుమారు 240 మీటర్లే, సన్నటి స్వరాలు త్వరగా చచ్చిపోతాయి. అలాంటి చోట గంట గణగణ దూరం పోదు, డోలు పెట్టుకోవాలి. నాకు గంటే కావాలి, పైగా పాత్రలు ముసుగుల్లేకుండా మాట్లాడుకోవాలి. అందుకే మన గాలినే ఉంచేశాను.

చేశాక ఎవరికి వినిపించాలి? ఇయర్‌ఫోన్లు పెట్టుకుని శ్రద్ధగా వినే స్నేహితుడికి మాత్రం కాదు. విశాఖలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. ఆ నాటికలు అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ విన్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. మా అమ్మ సింకు దగ్గర ఉన్నప్పుడు వెనక నుంచి మన ముక్క పెట్టాను. 'ఏటన్నావు' దగ్గర కుళాయి కట్టేసింది. అంతకు ముందు రెండు రాతలకు కట్టలేదు.

ఈ వారం పని. పోర్టు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద వెంకన్న కోవెల, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఏదో ఒక సాయంత్రం వన్‌టౌన్‌లో వాటి కింద అరగంట కూర్చోండి. ఫోను బయటికి తీయకండి, నోటుపుస్తకం తీయండి. ఏ చప్పుడు వచ్చినప్పుడు ఎవరు మాట ఆపారు, ఎవరు ఆపలేదు, ఓడ కూత వేస్తే ఏమైంది, అంతే రాయండి. తరవాత దాన్ని పది వాక్యాల సీనుగా మీ గ్రహానికి తీసుకెళ్లండి. దేవుడు, గుడి, పూజారి అన్న మాటలు మూడూ వాడకూడదు.

అయిదో పాఠంలో నీలి ఆ మైనం గోకేస్తుంది. ఆ గోకుడు చప్పుడు నాకింకా కుదరలేదు. కొవ్వొత్తిని గోరుతో గీకితే ఫోనుకు అందలేదు, బట్టల సబ్బును చెంచాతో గీకితే కొంత నయం. మీకు ఇంకేదైనా తడితే చేసి ఉంచండి.