మొదటి స్కూబా రెగ్యులేటర్ (నీటి అడుగున సిలిండర్ గాలిని పీల్చుకోనిచ్చే పరికరం) కొనే ముందు జాగ్రత్తలు

- అన్నిటికన్నా ముందు సర్వీసింగ్ సంగతి తేల్చుకోండి. ఆ మోడల్‌పై శిక్షణ పొందిన టెక్నీషియన్, విడిభాగాలు మీకు అందుబాటులో లేకపోతే ఎంత పేరున్నదైనా వదిలేయండి. నీటి అడుగున మీ ఊపిరి దాని మీదే ఆధారపడుతుంది.
- మీరు వాడే సిలిండర్ వాల్వు యోక్ రకమా (రెగ్యులేటర్‌ను వాల్వు మీద బిగించి పట్టేది), డిన్ రకమా (వాల్వులోకి మరలా తిప్పి బిగించేది)? యోక్ 232 బార్ (గాలి పీడనానికి కొలత) వరకే. 300 బార్ సిలిండర్‌కు డిన్ తప్పనిసరి.
- నీరు 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటుందా? చల్లని నీటికి పరీక్షించిన మోడలే తీసుకోండి. మామూలుది లోపల మంచు పట్టి గాలిని ఆపకుండా వదిలేయవచ్చు.
- ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే, గాలి పీడనాన్ని తగ్గించే భాగం) విషయంలో బ్యాలెన్స్‌డ్ రకానికే నా ఓటు: సిలిండర్‌లో గాలి తగ్గుతున్నా శ్వాస భారం కాదు.
- మౌత్‌పీస్ దవడకు నొప్పి కలిగిస్తే దాన్ని మాత్రం మార్చుకోండి, చాలు.
- వాడినది కొంటే సర్వీసు చేయించకుండా నీటిలో దిగవద్దు.