ఎఫ్‌ఆర్‌పీ భాగాలకు రెసిన్ రక్షణ పూత వేసే విధానం

ఫైబర్‌గ్లాస్ (ఎఫ్‌ఆర్‌పీ, అంటే గాజు నారతో బలపరచిన ప్లాస్టిక్) భాగం పైపొర అరిగి గాజు నార బయటపడితే, తేమ ఆ నార వెంబడే లోపలికి పాకి పొరలను విడదీస్తుంది కనుక పూత వేయడంలో జాప్యం చేయరాదు. ఎండ తగిలే భాగాలకు ఐసోఫ్తాలిక్ పాలిస్టర్ జెల్‌కోట్ (పైపూతగా వేసే చిక్కని రెసిన్), రసాయనాలు తాకే ట్యాంకుల లోపలి వైపుకు వినైల్ ఎస్టర్ రెసిన్ తగినవి. ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది గానీ ఎండకు సుద్దలా పొడిబారుతుంది.

మొదట మైనాన్ని, జిడ్డును ఎసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాతే 80 నుంచి 120 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. ఈ వరుస తారుమారైతే జిడ్డు గీతల్లోకి దిగి, పూత కొంతకాలానికి పెచ్చులుగా లేస్తుంది.

పాలిస్టర్ జెల్‌కోట్‌లో తయారీదారు సూచన మేరకు, సాధారణంగా బరువులో 1.5 నుంచి 2 శాతం ఎంఈకేపీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్) హార్డెనర్, అంటే రెసిన్‌ను గట్టిపరచే ద్రవం కలిపి, సుమారు అర మిల్లీమీటరు మందాన పరచాలి. గట్టిపడటాన్ని వేగవంతం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను ఎంఈకేపీతో నేరుగా ఎన్నడూ కలపరాదు; పేలుడు జరగవచ్చు.

పూత పైభాగం జిగటగా మిగిలితే హార్డెనర్ చాలలేదని చాలామంది పొరబడతారు. నిజానికి గాలిలోని ఆక్సిజన్ పాలిస్టర్‌ను పైన గట్టిపడనివ్వదు. స్టైరీన్‌లో (రెసిన్‌ను పలుచన చేసే ద్రవం) కరిగించిన మైనం కలిపితే అది పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది, అయితే దాని మీద మరో పూత అంటదు కనుక చివరి పూతలోనే కలపాలి.