లారీ డ్రైవింగ్ 4వ పాఠం: చేయి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది?

బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి ఏమేం చూసుకోవాలో పోయిన పాఠంలో చెప్పుకున్నాం. టైర్లు, చక్రాల నట్లు, లైట్లు, కింద ఆయిల్ మరకలు. ఈ పాటికి అది మీకు అలవాటై ఉంటుందని నమ్మి ముందుకు వెళ్తున్నాను. కాకపోతే ఇక్కడే ఆగి, ఆ పాఠం మళ్లీ చదివి రండి.

నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి రోజే "ఎన్ని రోజుల్లో వస్తుంది?" అని అడుగుతారు. నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. లైసెన్స్ రావడానికి ఎంత కాలం? లోడు బండిని పక్కన ఎవరూ లేకుండా తీసుకెళ్లి, ఎవరికీ ఏ హాని లేకుండా తిరిగి రావడానికి ఎంత కాలం? మొదటిదానికి జవాబు నిబంధనల్లో దొరుకుతుంది. రెండోదానికి మన లెక్క మనమే వేసుకోవాలి. ఈ పాఠం ఆ లెక్క గురించే.

లైసెన్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. భారతదేశంలో రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, కారు లాంటి తేలికపాటి వాహనం లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయితేనే రవాణా వాహనానికి ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్స్) ఇస్తారు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం 2021లో తెచ్చిన నిబంధనలు భారీ వాహనాల కోర్సును 6 వారాల్లో 38 గంటలుగా పెట్టాయి. యూరప్ దేశాల్లో వృత్తిగా నడపాలనుకునేవారికి పూర్తి శిక్షణ 280 గంటలు, త్వరిత పద్ధతిలో 140 గంటలు. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు 35 గంటలు మళ్లీ నేర్చుకోవాలి. అమెరికాలో 2022 ఫిబ్రవరి నుంచి కొత్తవాళ్లకు శిక్షణ తప్పనిసరి చేశారు, కానీ కనీసం ఇన్ని గంటలని లెక్క పెట్టలేదు. అన్ని అంశాలూ నేర్పి, పని వచ్చిందని శిక్షకుడు ధ్రువీకరించాలి.

అంటే ఒక చోట గంటలు లెక్కపెడతారు, ఇంకో చోట పని వచ్చిందా లేదా చూస్తారు. నాకు రెండోదే సరైన కొలతగా తోస్తుంది. కానీ కారు లైసెన్స్ వచ్చాక ఏడాది ఆగాలనే మన నియమం మాత్రం చాలా మంచిది. రోడ్డు మీద ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ఊహించడం చిన్న బండి మీదే రావాలి. ఆ ఊహ లేనివాడికి రోడ్డునూ లారీనీ ఒకేసారి నేర్పబోతే రెండూ సగం సగమే వస్తాయి.

కారు బాగా నడిపేవాళ్లకు లారీని ముందుకు పోనివ్వడం, గేర్లు మార్చడం వారం పది రోజుల పని. కొన్ని గేర్‌బాక్సులకు డబుల్ క్లచ్ కావాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి వదలాలి, మళ్లీ తొక్కి తర్వాతి గేరు వేయాలి. గేరు తగ్గించేటప్పుడైతే మధ్యలో కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వాలి. మొదట గరగర శబ్దం వస్తుంది, టెన్షన్ పడకండి. ఇంజిన్ శబ్దం వినడం అలవాటైతే చేయి దానంతటదే సర్దుకుంటుంది.

అసలు కాలం పట్టేవి మూడు పనులు: మలుపు, బ్రేకు, రివర్స్.

మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి జరిగి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడుగైతే అంత ఎక్కువ జరుగుతాయి. ఇది వింటే అర్థమవుతుంది, కానీ కళ్లతో చూస్తేనే ఒంటబడుతుంది. తడి ఇసుకో మెత్తటి మట్టో ఉన్న ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా ఒక మలుపు తీసుకోండి. దిగి చక్రాల గుర్తులు చూడండి. ముందు చక్రం గుర్తుకూ వెనక చక్రం గుర్తుకూ మధ్య ఎన్ని అడుగులుందో కొలవండి. మీ బండికి మలుపులో అదనంగా కావాల్సిన చోటు అంత. ఇరుకు మలుపులో మామూలుకంటే ఇంకాస్త ముందుకు వెళ్లాక తిప్పమని చెప్పేది అందుకే. తిప్పుతున్నంతసేపూ లోపలి వైపు అద్దం వదలకూడదు. ఆ సందులోకే సైకిల్ వాళ్లూ బైకుల వాళ్లూ దూరుతారు. వాళ్లు మనకు కనిపించకపోవచ్చు, మనం చూస్తున్నామనే వాళ్లు నమ్ముతారు. ఈ ఒక్క విషయంలో నా శిష్యులతో నేను చాలా కఠినంగా ఉంటాను. మలుపులో అద్దం చూడటం ఒక్కసారి మరిచినా ఆ రోజు పాఠం మొదటి నుంచీ మళ్లీ చేయిస్తాను.

ఇక బ్రేకు. కారులో పెడల్ నొక్కితే ద్రవం ద్వారా ఒత్తిడి దాదాపు వెంటనే చక్రానికి చేరుతుంది. లారీలో ద్రవం బదులు గాలి పనిచేస్తుంది, అది గొట్టాల గుండా ప్రయాణించి బ్రేకును కదిలించాలి. దానికి సుమారు అర సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే బ్రేకు పట్టడం మొదలయ్యేలోపే 8 మీటర్లు పోయినట్టు. ప్రమాదాన్ని గుర్తించి కాలు కదపడానికి మనకు పట్టే సమయం దీనికి అదనం. వేగం 40 నుంచి 60కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. కొత్తవాళ్లు ముందు బండికి దగ్గరగా వెళ్లడానికి కారణం ధైర్యం కాదు, కారు లెక్క ఇంకా బుర్రలో ఉండటం.

ఖాళీ లారీ త్వరగా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. బ్రేకులు, స్ప్రింగులు నిండు లోడు కోసం చేసినవి. ఖాళీగా ఉన్నప్పుడు చక్రాలు తేలిగ్గా ఎగిరి, పట్టు తప్పి జారతాయి, ఆగే దూరం పెరగవచ్చు కూడా. అందుకే ఖాళీ బండితో నేర్చుకుని పరీక్ష పాసైనవాళ్లు లోడు బండిని మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి, లోడు దించాక ఖాళీ బండిని ఇంకోసారి నేర్చుకోవాలి.

రోజూ బండి తీసే ముందు చేయాల్సిన గాలి పరీక్ష ఒకటుంది. బండి సమతలంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టండి. బ్రేకుల గాలి పూర్తిగా నిండాక ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే ఉంచండి. ట్రైలర్ (వెనక తగిలించి లాగే బండి) లేని బండిలో గాలి ఒత్తిడి చూపే గేజి ముల్లు 0.2 బార్‌కు (బార్ అంటే ఒత్తిడి కొలత) మించి పడకూడదు. పడితే ఎక్కడో గాలి లీకవుతోంది. ఆ బండి రోడ్డెక్కకూడదు, ఓనరు తొందరపెట్టినా సరే.

ఘాట్ దిగుడులో మొత్తం భారం బ్రేకుల మీద వేస్తే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. దిగుడు మొదలవక ముందే చిన్న గేరులోకి రావాలి, సగం దిగాక ప్రయత్నిస్తే గేరు పడకపోవచ్చు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించమని ఎవరైనా సలహా ఇస్తే, ఎంత సీనియరైనా ఆ మాట వినకండి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేది రివర్స్. మామూలు లారీ వెనక్కి తీయడం కారు లాంటిదే, బండి పొడుగు, వెనక కిటికీ లేదు, అంతే తేడా. ట్రైలర్ ఉంటే మాత్రం అంతా తారుమారు. ట్రైలర్ ఎడమకు పోవాలంటే స్టీరింగ్ ముందు కుడికి తిప్పాలి. తలలో ఈ తిరకాసు పెట్టుకోకుండా ఉండటానికి ఒక కిటుకు ఉంది. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి. కొంచెం కొంచెంగా తిప్పండి, ట్రైలర్ తిరగడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి తిప్పి దాని వెంట వెళ్లండి. అద్దంలో ట్రైలర్ పక్క మరీ ఎక్కువగా కనిపిస్తోందంటే ట్రైలర్ ముందు బండి మీదికి మడత పడబోతోంది. ఆపి, ముందుకు లాగి, మళ్లీ మొదలుపెట్టండి. ముందుకు లాగడం తప్పు చేసినట్టు కాదు. నేను ఇప్పటికీ లాగుతాను.

వీలైనంత వరకు డ్రైవర్ సీటు వైపుకు తిరిగేలా వెనక్కి తీయండి, అటు మీకు కనిపిస్తుంది. అనుమానం వస్తే బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగి చూసి రండి. వెనక నిలబడి "రానీ, రానీ" అనే మనిషి అద్దంలో కనిపించకుండా పోయిన క్షణమే ఆపేయండి. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు చేయి కొంచెం వణుకుతుంది. చాలా ఏళ్ల క్రితం ఒక యార్డులో నేను ఆపకుండా మరో అడుగు వెనక్కి తీశాను. ఆ మనిషి పక్కకు దూకాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. కారు బాగా వచ్చినవాళ్లు రోజూ సాధన చేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో పరీక్షకు సిద్ధమవుతారు. ఆ తర్వాత ఒక మూడు నెలలైనా అనుభవం ఉన్న డ్రైవర్ పక్కన ఉండాలని నా అభిప్రాయం. వాన, పొగమంచు, రాత్రి, ఘాట్, రకరకాల లోడు, ఇవన్నీ ఒక్కోసారైనా చూడటానికి ఏడాది పడుతుంది. సగం నిండిన ట్యాంకర్‌లో నీళ్లు బ్రేకు వేశాక కూడా ముందుకు తోస్తాయి. ఎత్తుగా కట్టిన లోడు మలుపులో బండిని పక్కకు లాగుతుంది. వీటిని ముందే చదివి ఉండటం మంచిదే, కానీ స్టీరింగ్ ద్వారా చేతికి తెలిసేదాకా పూర్తిగా రావు.

తర్వాతి పాఠం లోపు చేయాల్సిన పని. ఒక నోటుపుస్తకంలో మలుపు, బ్రేకు, రివర్స్ అని మూడు పేజీలు పెట్టుకోండి. ప్రతి సాధన తర్వాత ఎన్నిసార్లు చేశారు, ఎన్నిసార్లు పక్కవాడు చెప్పకుండా సరిగ్గా వచ్చింది అని రాయండి. వరసగా పదిసార్లు ఎవరూ చెప్పకుండా వచ్చిన రోజు ఆ పేజీ పక్కన తేదీ వేయండి. మొదటి రోజు నుంచి ఆ తేదీ దాకా లెక్కపెడితే, మీకు ఎన్నాళ్లు పట్టిందో తెలుస్తుంది. 5వ పాఠంలో లోడు కట్టడం మొదలుపెడదాం. తాడు, బెల్టు, టార్పాలిన్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి రండి.