లోపలి మాట – మూడవ పాఠం: ఏ విషయంలో నమ్మవచ్చు?

గత రెండు పాఠాలలో లోపలి మాటను, అంటే కారణం చెప్పలేకపోయినా మనసుకు తట్టే భావాన్ని, గుర్తుపట్టడం, అది తట్టిన వెంటనే కొట్టిపారేయకుండా పుస్తకంలో రాసిపెట్టుకోవడం అభ్యసించాము. ఇప్పుడు అంతకంటే కష్టమైన ప్రశ్నకు వస్తున్నాము. అలా రాసుకున్న మాటను ఏ విషయంలో నమ్మి అడుగు వేయవచ్చు, ఏ విషయంలో పక్కన పెట్టాలి?

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలను కాయ చెట్టు మీద ఉండగానే గుత్తకు పట్టే వ్యాపారులను గమనించండి. అనుభవమున్న వ్యాపారి తోటలోకి వచ్చి నాలుగు వరుసల వెంట నడుస్తాడు. ఒక కొమ్మను పక్కకు జరిపి లోపలి కాయను చూస్తాడు, కాయ తొక్కకు మంగు మచ్చ ఎంత పట్టిందో బొటనవేలితో రుద్ది చూస్తాడు, చెట్టు మొదట్లో రాలిన కాయ మీద ఒకసారి కన్ను వేస్తాడు, ఆ తర్వాత తోటంతా కలిపి ఇన్ని టన్నులని చెబుతాడు. ఎలా లెక్క కట్టావని అడిగితే సరిగా వివరించలేడు. అయినా ఆ అంచనాను తేలికగా తీసుకోకూడదు. కోత పూర్తయి కాటా వేసిన రోజున తన మాట ఎంతవరకు నిజమైందో అతనికి తెలిసిపోతుంది. తప్పితే నష్టం అతని జేబుకే తగులుతుంది. వచ్చే కాపుకు అతని చూపు ఆ మేరకు సరవుతుంది.

అదే తోటలో బోరు పాయింటు పెట్టే సందర్భాన్ని తీసుకోండి. అరచేతిలో కొబ్బరికాయ నిలబడినా, వేపపుల్ల వంగినా, "ఇక్కడ నీళ్లున్నాయి" అని రైతుకే గట్టిగా అనిపించినా, ఆ అనిపించడానికి ఆధారం లేదు. మన ప్రాంతంలో చాలా భాగం గ్రానైటు వంటి గట్టి రాతి నేల కావడంతో నీరు రాతి పగుళ్లలోనే నిలుస్తుంది, ఆ పగుళ్లు పైకి కనబడవు. ఒక రైతు జీవితకాలంలో వేయించే బోర్లు కొన్నే. నీళ్లు పడిన బోరును ఊరంతా చెప్పుకుంటుంది, పడని బోర్ల లెక్క ఎవరూ రాయరు. అప్పు తెచ్చి బోరు మీద బోరు వేయించి చితికిపోయిన కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి కాబట్టి నిక్కచ్చిగా చెబుతున్నాను: ఈ విషయంలో లోపలి మాటను వినకండి. భూగర్భ జలాల పరీక్ష కూడా పూర్తి భరోసా ఇవ్వదు, కానీ దానికి కొలతలంటూ ఉన్నాయి.

ఈ తేడా మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. అమెరికాలో గ్యారీ క్లైన్ 1980ల నుంచి అగ్నిమాపక దళాధికారుల నిర్ణయాలను అధ్యయనం చేశారు. వంటగదిలో మంటలను ఆర్పుతున్న ఒక అధికారి, నీళ్లు ఎంత కొట్టినా మంట తగ్గకపోవడం, గది ఉండవలసిన దానికంటే వేడిగా, నిశ్శబ్దంగా ఉండడం తేడాగా తోచి అందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు వచ్చిన కొద్దిసేపటికే నేల కూలింది, అసలు మంట కింది గదిలో ఉంది. ఆ అధికారి దానిని అతీంద్రియ శక్తి అనుకున్నాడు. క్లైన్ మాత్రం అది ఏళ్ల అనుభవంతో పోల్చి చూడడం వల్ల కలిగిన గుర్తింపు అన్నారు. మరోవైపు 2002లో నోబెల్ పొందిన డేనియల్ కానమన్ ఇటువంటి స్ఫురణలను అనుమానంతో చూసేవారు. ఇద్దరూ కలిసి 2009లో రాసిన వ్యాసంలో రెండు షరతుల దగ్గర ఏకీభవించారు: ఆ రంగంలో సంకేతాలకూ ఫలితాలకూ నిలకడైన సంబంధం ఉండాలి, ఆ సంబంధాన్ని పదేపదే చూసి నేర్చుకునే అవకాశం మనిషికి దొరికి ఉండాలి. మనసులో కలిగే ధీమా ఈ రెండింటికీ బదులు కాదు.

మరొక జాగ్రత్త. ఆశ, భయం, అలవాటు కూడా లోపలి మాట గొంతుతోనే మాట్లాడతాయి. మహబూబ్‌నగర్ వైపు వెంచర్ చూపించడానికి కారులో తీసుకెళ్లి, భోజనం పెట్టి, ఈ రోజే టోకెన్ ఇస్తే ఈ ధర అన్నప్పుడు "ఇది మనకు రాసిపెట్టిన ప్లాటే" అని అనిపిస్తే, ఆ భావాన్ని తయారుచేసింది ఎదుటివారు. ఇల్లు అద్దెకు అడిగిన మనిషిని చూడగానే మనసు ఒప్పకపోతే, అది అతని ప్రవర్తన వల్లనా, కులం, వేషం, యాస వల్లనా అని నిజాయితీగా ప్రశ్నించుకోవాలి.

అయితే "తీసుకో" అనే మాటనూ "ఆగు" అనే మాటనూ ఒకే త్రాసులో తూచనక్కరలేదని నా అభిప్రాయం. ప్లాటు విషయంలో మనసు కీడు శంకిస్తే, కారణం తెలియకపోయినా ఒక రోజు ఆగవచ్చు. ఆ రోజులో లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) చూసుకోవచ్చు. ఆగినందుకు పోయేది సాధారణంగా కొద్దే. తొందరపెట్టేవారి ముందు ఈ ఒక్క నియమాన్ని పాటించగలిగితే చాలా ఇబ్బందులు తప్పుతాయి.

ఈ విడత అభ్యాసం చిన్న విషయాలతో చేయండి. అంగడిలో బేరం ఎంతకు తెగుతుంది, వస్తానన్న ప్లంబరు చెప్పిన రోజుకు వస్తాడా, బస్సు కోసం నిలబడడం మేలా లేక ఆటో ఎక్కడం మేలా అన్నవి చాలు. ఫలితం తెలియకముందే మీకు తట్టినది రాయండి. అప్పుడు ఆకలిగా, నిద్రలేమితో, తొందరలో ఉన్నారేమో పక్కన గుర్తు పెట్టండి. ఫలితం తెలిశాక దిద్దకుండా కింద చేర్చండి. కొన్ని వారాలకు బేరంలో మీ మాట తరచూ నిజమై, మనుషుల రాకపోకల విషయంలో తప్పుతున్నట్లు కనబడవచ్చు, లేదా అందుకు విరుద్ధంగానూ ఉండవచ్చు. ఒక్కొక్క రంగానికి ఒక్కొక్క పేజీ కేటాయించండి. నాలుగవ పాఠంలో ఆ పేజీలను ముందు పెట్టుకునే పని మొదలుపెడతాము.